హంగేరీలో నేస్తం, స్కాట్లండ్‌లో సోది

బుడాపెస్ట్ కుర్రాడు పక్కనున్నవాణ్ణి చూపించి ‘హొవెర్’ అన్నాడంటే వాడు తన జట్టువాడు, దోస్తు అని చెబుతున్నట్టు. ఎడిన్‌బరోలో ఒకావిడ మొగుణ్ణి ‘హేవర్ చెయ్యకు’ అని కసిరిందంటే ఆ పసలేని కబుర్లు కట్టిపెట్టమని. ఈ రెంటినీ రోమన్ లిపిలో రాస్తే అక్షరం తేడా ఉండదు. హెచ్, ఏ, వీ, ఈ, ఆర్, అంతే. నేస్తానికీ సోదికీ ఏదో బంధం ఉందని ఊహించడం కష్టం కాదు: నలుగురు దోస్తులు చేరితే సోదే కదా! ఊహ ముచ్చటగానే ఉంది కానీ నిజం కాదు. ఒక మాట పడమటి ఆసియా ఎడారి అంచుల్లో పుట్టి నాలుగు వేల ఏళ్ళు ప్రయాణించి దానూబు ఒడ్డుకు చేరింది. రెండోది స్కాట్లండ్ జనం నోట పద్దెనిమిదో శతాబ్దంలో వినబడటం మొదలైంది. దాని వెనక ఏముందో నిఘంటుకర్తలెవరూ తేల్చలేకపోయారు.

ముందు స్కాట్లండ్ సంగతి. అక్కడి ‘స్కాట్స్’ను చాలామంది యాసపట్టిన ఇంగ్లీషు అనుకుంటారు, మరికొందరు గేలిక్‌తో కలిపేస్తారు. గేలిక్ కెల్టిక్ కుటుంబానిది, ఐర్లండ్ భాషకు చెల్లెలు. స్కాట్స్ జర్మానిక్ కుటుంబానిది. ఉత్తర ఇంగ్లండ్‌లో మాట్లాడిన పాత ఇంగ్లీషు నుంచి చీలి తన దారిన ఎదిగింది. రాబర్ట్ బర్న్స్ కవిత్వం రాసింది ఈ భాషలోనే. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడటం వచ్చని చెప్పారు. 1931 నుంచి 1976 దాకా పది సంపుటాలుగా వెలువడిన స్కాటిష్ జాతీయ నిఘంటువు ఈ భాషకు పెద్ద గని. అందులో ‘హేవర్’ అంటే పిచ్చి మాటలు మాట్లాడటం, ‘హేవర్స్’ అంటే ఆ మాటలు. 1988లో ప్రొక్లెయిమర్స్ అనే స్కాటిష్ కవల సోదరులు ఐదువందల మైళ్ళ నడక మీద కట్టిన పాటతో ఈ మాట ప్రపంచమంతా తిరిగింది. పాట ఊపుకు గొంతు కలిపినవాళ్ళలో చాలామంది ఆ ఒక్క మాట దగ్గర ఆగి దాని అర్థమేమిటని అడిగారు. ఇంగ్లండ్‌వాళ్ళు దీన్ని అరువు తెచ్చుకుని ‘ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడటం’ అనే అర్థంలో వాడుతుంటారు. స్కాట్లండ్‌వాళ్ళకు అది వినగానే ఒళ్ళు మండుతుంది.

హంగేరీ మాట చరిత్ర మాత్రం పొరలు పొరలుగా దొరుకుతుంది. హంగేరియన్‌లో స్నేహితుడికి పెద్దమనుషుల మాట ‘బరాత్’. అదీ అరువే. స్లావిక్ భాషల్లో ‘సోదరుడు’ అనే మాట నుంచి వచ్చింది, అంటే సంస్కృత ‘భ్రాతృ’కు దూరపు బంధువు. ‘హొవెర్’ వీధి మాట. ఇది ఇద్దిష్ నుంచి వచ్చింది. తూర్పు ఐరోపా యూదులు ఇళ్ళలో మాట్లాడుకున్న జర్మానిక్ భాష ఇద్దిష్. అందులో హీబ్రూ మాటలు దండిగా ఉంటాయి. హీబ్రూ ‘హవేర్’ వాళ్ళ నోట ‘ఖావెర్’ అయింది, తోటివాడు అని అర్థం. హంగేరీ యూదులకు 1867లో పౌర సమానత్వం దక్కింది. 1873లో బుడా, పెస్ట్, ఓబుడా కలిసి ఒకే నగరమయ్యాయి. 1910 నాటికి ఆ నగర జనాభాలో ఐదో వంతుకు పైగా యూదులే. అంగళ్ళలో, వర్క్‌షాపుల్లో, కాఫీ హోటళ్ళలో, జేబుదొంగల గుంపుల్లో కూడా, మాటలు చేతులు మారాయి. కష్టపడి చేసే పనికి ‘మెలో’, అదృష్టానికి ‘మాజ్‌లి’, దోస్తుకు ‘హొవెర్’ బుడాపెస్ట్ వీధుల్లో స్థిరపడ్డాయి. 1944లో ఆ దేశపు యూదుల్లో సగానికి పైగా మందిని కొన్ని నెలల్లోనే రైళ్ళలో కుక్కి మరణ శిబిరాలకు పంపారు. వాళ్ళ మాటలు మాత్రం వీధిలో ఉండిపోయాయి. ఈనాడు ఆ మాటలు పలికే కుర్రాళ్ళలో ఎందరికి వాటి పుట్టుక తెలుసో చెప్పలేం.

హంగేరియన్ ఈ మాటను ఎలా తనదిగా చేసుకుందో చూడటం తెలుగువాళ్ళకు సరదాగా ఉంటుంది. మనం ‘కవికి’ అంటాం, ‘గురువుకు’ అంటాం. పదం చివరి అచ్చును బట్టి ప్రత్యయం రంగు మారుతుంది. హంగేరియన్‌లో ఈ పొత్తు ఇంకా పట్టింపుగా నడుస్తుంది: ‘ఎంబెర్’ (మనిషి) బహువచనం ‘ఎంబెరెక్’, కానీ ‘హొవెర్’ బహువచనం ‘హొవెరొక్’. రెండో అక్షరంలో ఎకారమే ఉన్నా మొదటి అచ్చు నోటి వెనక భాగంలో పలికేది కనుక దాని మాటే చెల్లింది. బయటి నుంచి వచ్చిన మాట ఇలా లోపలి కట్టుబాటుకు తలొగ్గిందంటే ఇక అరువు అనిపించుకోదు.

అదే హీబ్రూ మాట ఐరోపాలో ఇంకా చాలా గుమ్మాలు తొక్కింది. వియన్నాలో దోస్తు ‘హాబెరర్’. ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘ఖాబర్’, ఆ మాటనే 1990ల మొదట్లో రోటర్‌డామ్ కుర్రకారు చెవులు పగలగొట్టే ఒక నృత్య సంగీతానికి పేరుగా పెట్టుకున్నారు. ఇజ్రాయెల్‌లో పార్లమెంటు సభ్యుడూ, కిబ్బుట్జ్ అనే ఉమ్మడి పల్లె సభ్యుడూ, ఆడపిల్ల ప్రేమించే కుర్రాడూ అందరూ ‘హవేర్’లే. 1995 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ హత్యకు గురైనప్పుడు అమెరికా అధ్యక్షుడు క్లింటన్ తన సంతాపాన్ని ‘షాలోమ్, హవేర్’ అన్న రెండు హీబ్రూ మాటలతో ముగించాడు. వెళ్ళి రా నేస్తం అన్నట్టు. ఆ రెండు మాటలూ ఇజ్రాయెల్‌లో కార్ల వెనక స్టిక్కర్లయ్యాయి.

ఇంకా వెనక్కి వెళ్తే మెసొపొటేమియా మట్టి పలకలు కనిపిస్తాయి. అక్కాడియన్ భాషలో ‘ఇబ్రు’, ‘ఎబ్రు’ అంటే స్నేహితుడు. గిల్గమేష్ కథలో రాజు తన ప్రాణమిత్రుడు ఎంకిడును ‘ఇబ్రీ’ అనే పిలుస్తాడు. నా నేస్తమా అని. హీబ్రూ ‘హవేర్’లోని ‘హ-బ-ర’ ధాతువే ఇదీ, కలపడం, జతచేరడం అని దాని మూలార్థం. అక్కాడియన్‌లో మొదటి హల్లు రాలిపోయింది.

ఇక్కడే మన తెలుగు పాఠకుడి బుర్రలో ఒక దీపం వెలగొచ్చు. ‘ఖావెర్’ అంటే, మన ‘కబురు’ కాదా? కబురు పారసీకం ద్వారా వచ్చిన అరబ్బీ ‘ఖబర్’. అరబ్బీ, హీబ్రూ అక్కచెల్లెళ్ళు. హీబ్రూలో పదం మధ్య ‘బ’ను ‘వ’గా పలకడమూ మామూలే. హల్లులు మూడూ సరిపోయాయి. పైగా స్కాట్లండ్ ‘హేవర్’కు అర్థం కబుర్లాడటమే! మూడు దేశాలు ఒక్క దెబ్బకు కలిసిపోయినట్టే ఉంది.

కలవవు. అరబ్బీలో గొంతు ధ్వనులు రెండు విడివిడిగా ఉన్నాయి. ఒకటి గొంతు లోతుల్లోంచి వచ్చే ‘హ’, రెండోది గరగరలాడే ‘ఖ’. మనం అరువు తెచ్చుకున్న మాటల్లోనూ ఆ తేడా కనిపిస్తుంది. ‘హక్కు’ మొదటి రకం, ‘ఖర్చు’ రెండో రకం. ప్రాచీన హీబ్రూ లిపిలో ఈ రెంటికీ ఒకే అక్షరం. కాలక్రమేణా పలుకుబడిలో కూడా అవి కలిసిపోయాయి. అందుకని హీబ్రూ ఒక్కదాన్నే చూస్తే ‘హవేర్’ ఏ గొంతుదో తెలియదు. సాక్షి కోసం సిరియా తీరంలోని రాస్ షమ్రాకు వెళ్ళాలి. అక్కడ 1929 నుంచి తవ్వకాల్లో బయటపడ్డ ఉగారిత్ నగరపు పలకల మీది లిపిలో రెండు ధ్వనులకూ రెండు అక్షరాలున్నాయి. తోటివాడు అనే మాటను ఆ లేఖకులు ‘హ’తోనే రాశారు. అక్కాడియన్ సాక్ష్యమూ ఇటే. ఆ భాష ‘ఖ’ను భద్రంగా దాచుకుంది, ‘హ’ను పోగొట్టుకుంది, పోగొట్టుకున్నచోట పక్కనున్న అకారాన్ని తరచు ఎకారంగా మార్చింది. ‘ఎబ్రు’లో ఆ రెండు గుర్తులూ ఉన్నాయి. ‘కబురు’లోది ఖకారం. ఆ ధాతువు వేరు, ఈ ధాతువు వేరు. మూడు వేల ఏళ్ళు దాటిన మట్టి పలకలు మన కబుర్లకు అడ్డుపడతాయని ఎవరనుకుంటారు!

చుట్టరికం తేల్చేది పోలిక కాదు, క్రమం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ప్రధానంగా ఇదే. రెండు మాటలు ఎంత దగ్గరగా వినిపిస్తున్నాయన్నది దాదాపు పనికిరాని ప్రశ్న. ఒక భాషలోని ధ్వనికి మరో భాషలో ఏ ధ్వని ఎదురవుతోంది, అది ఒక్క మాటలోనేనా, వరసగా పది మాటల్లోనా అన్నది అసలు ప్రశ్న. హంగేరియన్ ‘హాజ్’ అంటే ఇల్లు. ఇంగ్లీషు ‘హౌస్’, జర్మన్ ‘హౌస్’ పక్కనే ఉన్నాయి, దేశాలూ పక్కపక్కనే. అయినా సంబంధం లేదు. హంగేరియన్ ఉరాలిక్ కుటుంబానిది, దాని బంధువులు ఫిన్నిష్, ఎస్తోనియన్, సైబీరియాలోని చిన్న చిన్న భాషలు. ఫిన్నిష్‌లో చేప ‘కల’, హంగేరియన్‌లో ‘హొల్’. మూడు అక్కడ ‘కొల్మె’, ఇక్కడ ‘హారొమ్’. చావడం అక్కడ ‘కువొల్ల’, ఇక్కడ ‘హొల్’. గుడిసె అక్కడ ‘కొత’, ఇక్కడ ఇల్లు ‘హాజ్’. అటు కకారం ఉన్నచోట ఇటు హకారం. అలాగే అటు పకారం ఉంటే ఇటు ఫకారం: చెట్టు ‘పూ’, ‘ఫొ’, కుర్రాడు ‘పొయ్క’, ‘ఫియూ’. వినడానికి ‘కొత’, ‘హాజ్’ ఏమాత్రం కలవవు, కానీ అవే సొంత తోబుట్టువులు.

ఈ చుట్టరికం బయటపడిన తీరు కూడా చిత్రమే. 1769లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూడటానికి మాక్సిమిలియన్ హెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త నార్వే ఉత్తర కొసనున్న వార్డో దీవికి వెళ్ళాడు. తోడుగా యానోష్ శాయ్నోవిచ్ అనే హంగేరియన్ జెసూట్‌ను తీసుకెళ్ళాడు. శాయ్నోవిచ్ అక్కడి సామీ జనం మాటలు విని పోల్చుకుని, 1770లో వాళ్ళ భాష, హంగేరియన్ ఒకటేనని పుస్తకం అచ్చువేశాడు. ఒకటే అనడం అతిశయమే కానీ దారి సరైనదే. 1799లో షాముయెల్ ద్యర్మతి వ్యాకరణం ఆధారంగా ఆ బంధుత్వాన్ని ఇంకా గట్టిగా నిలబెట్టాడు. హంగేరీ పెద్దమనుషులకు ఇది మింగుడుపడలేదు. హూణ వీరుల వారసులమని చెప్పుకుంటుంటే, రెయిన్‌డీర్లు కాచుకునే, చేపలు పట్టుకునే వాళ్ళతో బంధుత్వమా? ‘చేపల కంపు చుట్టరికం’ అని వెక్కిరించారు. గొప్ప వంశం కోసం ఆసియా దారి పట్టినవాళ్ళూ ఉన్నారు. కొరొషి చొమా షాన్దోర్ అనే హంగేరియన్ తన జాతి మూలాలు వెతుకుతూ బయల్దేరి లదాఖ్ చేరి, 1834లో టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించి, 1842లో డార్జిలింగ్‌లో జ్వరంతో కన్నుమూశాడు. వెతికింది దొరకలేదు కానీ ప్రపంచానికి టిబెటన్ చదువు దక్కింది.

సరిగ్గా ఇలాంటి పంచాయతీ మనకూ జరిగింది. తెలుగులో సంస్కృత పదాలు పుష్కలంగా ఉన్నాయి కనుక తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దొరలూ పండితులూ నమ్మేవారు. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు, మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దానికి ఒక పరిచయం జోడించి ఆ నమ్మకాన్ని కాదన్నాడు. ఇందుకు మన వ్యాకరణ సంప్రదాయం నుంచే పనిముట్టు తీసుకున్నాడు. బందరు పండితుడు మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను ఉదాహరిస్తూ తత్సమాలను, తద్భవాలను పక్కకు తీసి, మిగిలిన దేశ్యాలను తమిళ, కన్నడ మాటలతో వరుసగా పోల్చి చూపాడు. అరువు మాటలు ఎన్నున్నా అవి పుట్టుకను చెప్పవు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చేది ఇంకో నలభై ఏళ్ళకు, 1856లో.

మళ్ళీ మన ఐదక్షరాల దగ్గరికి వద్దాం, ఇంకా కొన్ని మిగిలాయి. డచ్‌లో ఇదే మాట ఓట్స్ ధాన్యం, ‘హావర్’. ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ పల్లెల్లోనూ అదే అర్థం, అది వైకింగుల భాష నుంచి వచ్చింది. అంటే స్కాట్స్‌లోనే ఈ అక్షరాలకు రెండు మాటలున్నాయి: హేవర్ అంటే సోది, హవర్ అంటే ధాన్యం. సైనికుల భుజాన వేలాడే ‘హేవర్‌సాక్’ మొదట జర్మన్ ఆశ్వికుడు గుర్రానికి ఓట్స్ మోసుకెళ్ళిన సంచి. డేనిష్‌లో అవే అక్షరాలకు తోటలు అని అర్థం. పోర్చుగీసులో ఉండటం, పలికేటప్పుడు హకారం నోరు మెదపదు, ‘అవేర్’. తెలుగు లిపిలో రాయబోయేసరికి ఈ గుంపు చెదిరిపోతోంది చూశారా: హొవెర్, హేవర్, హావర్, హవర్, అవేర్. పోలికలో సగం రోమన్ లిపి చేసిన మాయే.

పోర్చుగీసు మాటలో ఇంకో మెలిక ఉంది. అది లాటిన్ ‘హబేరె’ నుంచి వచ్చింది, కలిగి ఉండటం అని అర్థం. ఇంగ్లీషు ‘హ్యావ్’, జర్మన్ ‘హాబెన్’ కూడా కలిగి ఉండటమే. ధ్వనీ, అర్థమూ, ఖండమూ, చివరికి భాషా కుటుంబమూ ఒకటే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా కాదు. జర్మానిక్ భాషల్లో హకారం పాత కకారం నుంచి వచ్చింది. లాటిన్ ‘కోర్ను’ ఇంగ్లీషులో ‘హార్న్’, ‘కానిస్’ అక్కడ ‘హౌండ్’. ఆ లెక్కన ‘హ్యావ్’కు లాటిన్ బంధువు ‘కాపెరె’, పట్టుకోవడం. ‘హబేరె’కు ఇంగ్లీషు బంధువు ‘గివ్’, ఇవ్వడం. లాటిన్ పాఠంతో పాటే ‘హబేరె’ అంటే ‘హ్యావ్’ అని బట్టీపట్టిన పిల్లలు ఇది విని మాస్టారు పొరబడ్డారని అనుకుంటారు.

కాకతాళీయాలు ఇన్ని ఎందుకు? చిన్న లెక్క వేద్దాం. ఒక భాషకు 15 హల్లులు, 5 అచ్చులు అనుకోండి. హల్లు-అచ్చు-హల్లు-అచ్చు-హల్లు వరసలో కుదిరే మాటలు 84,375. రెండు భాషల్లో ఈ అచ్చులో పోసిన మాటలు చెరో 2,000 ఉంటే, వాటిలో సుమారు 47 అచ్చుగుద్దినట్టు ఒకటే అవుతాయి, కేవలం లెక్క ప్రకారం. అర్థం కూడా కలవాలంటే అరుదు, రెండు భాషల్లోనూ అవే 2,000 అర్థాలు ఉన్నాయనుకుంటే అలాంటి జత 42 భాషాద్వయాల్లో ఒకదానికి పడుతుంది. కానీ ప్రపంచంలో భాషలు దాదాపు 7,000. వాటిని రెండేసి చొప్పున జతచేస్తే 2.4 కోట్ల జతలు పైగా. ధ్వని, అర్థం రెండూ కలిసే ఉత్త యాదృచ్ఛికాలు అయిదు లక్షలు దాటతాయి. నిజానికి అన్ని ధ్వనులూ సమానంగా వాడరు, అర్థాన్ని కొంచెం లాగి సరిపెట్టడానికి మనం వెనకాడం, కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దది.

వీటిలో పేరుమోసింది ఆస్ట్రేలియాది. భాషావేత్త రాబర్ట్ డిక్సన్ 1960లలో క్వీన్స్‌లాండ్‌లో మ్బాబరామ్ భాషను, అది చివరగా తెలిసిన వృద్ధుల్లో ఒకరైన ఆల్బర్ట్ బెనెట్ నోట రాసుకున్నాడు. కుక్కను మీ భాషలో ఏమంటారని అడిగితే ‘డాగ్’ అని జవాబు! ఇంగ్లీషు అరువేమో అనుకుంటే పొరపాటే. చుట్టుపక్కల భాషల్లో కుక్క ‘గుడగ’. మ్బాబరామ్‌లో పదాది గకారం ప్రభావంతో తర్వాతి అకారం ఒకారమైంది, మొదటి అక్షరం ఊడింది, చివరి అచ్చు రాలింది. మిగిలింది డాగ్.

మనకూ అంతటిదే ఒకటి ఉంది. ఏథెన్స్‌లో హోటల్లో దాహం వేస్తే ‘నెరో’ అనాలి. తెలుగువాడికి ఇది వినగానే ప్రాణం లేచొస్తుంది. ‘నీరు’ ద్రావిడ మూలభాషలోనే ఉన్న మాట, తమిళ, మలయాళ, కన్నడ భాషల్లోనూ ఉంది. సంస్కృతం ‘నీరం’ ఇక్కడి నుంచే తీసుకుందని భాషావేత్తల్లో ఎక్కువమంది అంటారు. ఇక గ్రీకుల పాత మాట ‘హూదోర్’. దాని ముందు తాజా అనే విశేషణం చేర్చి ‘నెఆరొన్ హూదోర్’ అనేవారు, ఇప్పుడే తోడిన నీళ్ళు అన్నట్టు. వాడుకలో విశేష్యం జారిపోయి విశేషణమే మిగిలి, అది కుదించుకుని ‘నెరో’ అయింది. అంటే గ్రీకు మాటకు అసలర్థం తాజా, కొత్త. దానికి సంస్కృత చుట్టం ‘నవ’. సోక్రటీస్ కాలంలో నీరు అని అడిగి ఉంటే గ్లాసు వచ్చేది కాదు.

ఒక్క తరగతి మాటల్ని మాత్రం ఈ లెక్కల్లో కలపకూడదు. హంగేరియన్‌లో తండ్రి ‘ఒపొ’, రాతలో అప. మనకు అప్ప, అబ్బ. ఐస్‌లండ్‌లో నాయనమ్మ ‘అమ్మ’. వీటికి చుట్టరికమూ లేదు, పూర్తి యాదృచ్ఛికమూ కాదు. భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో వెలువడిన వ్యాసంలో కారణం చెప్పాడు. పాలు తాగే బిడ్డకు పెదవులు మూసి తెరవడం తేలిక, నోట రొమ్ము ఉన్నప్పుడు ముక్కుతోనే ధ్వని వస్తుంది. ఆ అర్థం లేని మమమ, పపపలకు పెద్దలు అర్థం అంటగడతారు. అంటగట్టేటప్పుడు మాత్రం ఏ ఊరి ఇష్టం ఆ ఊరిది. చాలా దేశాల్లో ముక్కు ధ్వని తల్లికి పోతే మనం ‘నాన్న’కూ ఇచ్చాం. ఇంగ్లీషువాళ్ళకు ‘మామా’ తల్లి, మనకు మామ మేనమామ, లేదా పిల్లనిచ్చినవాడు. జార్జియాలో ‘మామా’ అంటే తండ్రి, తల్లిని అక్కడ ‘దెదా’ అంటారు.